ఐదో తీగ మోగడం లేదు

గది అని పేరే గానీ అది కాస్త పెద్ద బీరువా. కుర్చీలో కూర్చుని చేతులు చాపితే రెండు పక్కల గోడలూ అందుతాయి. గోడల నిండా బూడిదరంగు స్పాంజి, అందులో అక్కడక్కడా ఎవరో గోటితో గిల్లిన గుంటలు. అంటే తనకంటే ముందు ఇక్కడ కూర్చున్నవాళ్ళకి కూడా చేతులు ఊరుకోలేదన్నమాట. మందపాటి తలుపు మూసుకోగానే కారిడారులో పేర్లు పిలిచే ఆవిడ గొంతు, చక్రాల బండి కిర్రు, బయట కూర్చున్న భార్య నిట్టూర్పు అన్నీ ఒక్క దెబ్బకి ఆగిపోయాయి. అతను గుటక వేస్తే అది అతనికే గట్టిగా వినిపించింది. వినిపించింది కదా అని సంతోషించాడు కూడా. గుటక వినిపించినందుకు సంతోషపడే రోజు వచ్చింది చూడు, అనుకున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో తీగ ఉన్న బటన్ ఒకటి పెట్టి, బడిలో చెప్పినట్టు చెప్పి వెళ్ళింది. "ఎంత చిన్నగా వినిపించినా నొక్కండి సార్. వినిపించకపోతే నొక్కద్దు. అంతే." ఆమె కూర్చునే అద్దం కిటికీ అతని వీపు వైపు ఉంది. ఎదురుగా స్పాంజి తప్ప ఏమీ లేదు. ఈ బీరువాలోంచి బయటికి వచ్చేసరికి తను బేస్ గిటార్ వాయించే మనిషో, ఒకప్పుడు వాయించిన మనిషో తేలిపోతుంది. బావ అంత మాట అనలేదు. బావ అంటే అక్క మొగుడు, బ్యాండుకి పెద్ద, పెళ్ళిచూపుల్లో కూడా ఇతని తరఫున తనే మాట్లాడిన మనిషి. అలాంటివాడు కళ్ళలోకి చూడకుండా, కీబోర్డు మీద దుమ్ము తుడుస్తూ, "ఒకసారి చెవులు చూపించుకోరా. అంతా బాగుందంటే సరే. లేకపోతే మనం మాట్లాడుకుందాం" అన్నాడు. మనం మాట్లాడుకుందాం అనేది బావ ఎవరినైనా బ్యాండులోంచి పంపించేసేటప్పుడు అనే మాట. ఆ మాట విని బయటికి నడిచినవాళ్ళని అతను చూశాడు, వాళ్ళు వెళ్ళాక వాళ్ళ గురించి జోకులు కూడా వేశాడు.

కుయ్. వచ్చింది. నొక్కాడు. మళ్ళీ కుయ్, ఇంకా సన్నగా. నొక్కాడు. ఇవి పైస్థాయివి, పిల్లి మీసాల్లాంటివి, ఇవెందుకు తనకి? ఇవి పాడే అమ్మాయి వాటా, బావ వాటా. అతని వాటా ఎప్పుడూ అడుగున ఉండేదే. అయినా వినిపిస్తున్నాయి కదా, బాగానే వినిపిస్తున్నాయి, చూశావా బావా, అనుకుంటూ నొక్కుతున్నాడు. నాలుగు తీగల మనిషిగా మొదలై ఐదు తీగల మనిషయ్యాడు. ఆ ఐదోది చేర్చేది అడుగున కాదు, పైన, వాయించేవాడి మొహానికి దగ్గరగా, మిగతా నాలుగింటికంటే లావుగా. అయినా దాన్ని కింది తీగ అంటారు, దాని స్వరం అన్నిటికంటే కింద ఉంటుంది కాబట్టి. పెళ్ళయిన కొత్తలో ఇది భార్యకి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. అంతా విని, "పైనున్నదాన్ని కిందిదంటారు, కిందున్నదాన్ని పైదంటారు. మీ వాళ్ళెవరికీ నిచ్చెన మాత్రం ఇవ్వకూడదు" అంది. ఆ తీగ గురించి అతను ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. దాని మొదటి ఉద్యోగం మోగడం కాదు, బొటనవేలికి పీటలా ఉండడం. మిగతా నాలుగు తీగలు వాయించేటప్పుడు బొటనవేలు దాని మీద ఆనించి ఉంచాలి. ఆనించకపోతే అది ఎవరూ ముట్టుకోకుండానే, పక్క తీగల అదురుకి తనంతట తను మోగుతుంది, గుర్రుమని, ఎవరో పక్కగదిలో బల్ల జరిపినట్టు. కొత్తవాడిని పట్టివ్వాలంటే ఆ గుర్రు ఒక్కటి చాలు. ఎంతమంది కుర్రాళ్ళకి చెప్పాడో, బొటనవేలు, ఒరేయ్ బొటనవేలు, అని.

మొన్న రిహార్సల్లో పాట మధ్య అందరూ ఆగే చోటు ఒకటి వచ్చింది. పాడే అమ్మాయి ఊపిరి తీసుకుని ఒక్క మాట మెల్లగా అనాలి, అప్పటిదాకా ఎవరూ కదలకూడదు. ఆగారు. అతనూ ఆగాడు, తల వంచి, కళ్ళు మూసి, ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో అనుకుంటూ. ఆ అమ్మాయి పాడలేదు. కళ్ళు తెరిచి చూస్తే అందరూ అతని వైపే చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో తెలియక అతను నవ్వాడు. బావ లేచి వచ్చి తన అరచేయి తీసుకెళ్ళి ఐదో తీగ మీద పెట్టాడు. అప్పుడు అందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి. అంతసేపూ అది మోగుతూనే ఉందట. గది నిండా మోగుతూనే ఉందట. అతను దాని మధ్యలో నిలబడి నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటున్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి, పనికిరాని చెవులు, సిగ్గుకి మాత్రం బాగానే కాలతాయి.

కుయ్ లావెక్కింది. కూ అయింది. నొక్కాడు. ఈ అమ్మాయి చేతిలో ఒక నడక ఉంది. ఒకటి వేస్తుంది, కాస్త ఆగుతుంది, తగ్గించి ఇంకోటి వేస్తుంది, వినిపించిందంటే ఇంకా తగ్గిస్తుంది, వినిపించలేదంటే ఒక మెట్టు పెంచుతుంది. కొత్త డ్రమ్మర్ పక్కన నిలబడిన మొదటి పాటలోనే వాడి చెయ్యి ఎక్కడ పడుతుందో పట్టేసే మనిషి అతను, ఇదెంత. బాగా నేర్పారమ్మా నీకు, తాళం తప్పడం లేదు, అని మనసులోనే మెచ్చుకున్నాడు. నల్లదాన్ని, ఇప్పుడున్న తన గిటార్ని, ఎంచుకున్న రోజు కూడా ఇలాగే ఒక చోట కూర్చుని ఒక్కొక్కటీ విన్నాడు. షాపువాడు ప్రతిదాన్నీ పెద్ద స్పీకరుకి తగిలించి చూపిస్తానంటే వద్దన్నాడు. స్పీకరు అబద్ధం చెబుతుంది. గిటార్ ఒళ్ళో పెట్టుకుని, పైకి పొడుచుకొచ్చిన కొమ్ము మీద దవడ ఆనించి, ఐదో తీగ ఒక్కసారి లాగి వదిలి, కళ్ళు మూసుకునేవాడు. దవడలోంచి పళ్ళలోకి, పళ్ళలోంచి తలలోకి రావాలి. ఒకటి ఇసుక బస్తాలా బరువు. ఒకటి వదిలేస్తే తల నేలకి వాల్చేస్తుంది, ఎడమచేత్తో మెడ మోస్తూ వాయించాలి, అది వాయించడం కాదు, పసిపిల్లని ఎత్తుకు తిరగడం. ఒకదానికి నాలుగు తీగలు బంగారం, ఐదోది తడిసిన తాడు. ఎక్కువ వాటికి రోగం అక్కడే. నాలుగింటికి చేసిన చెక్కకి ఐదోది అంటగడితే అది అత్తారింట్లో ఇమడలేని అల్లుడిలా ఓ మూల కూర్చుంటుంది. షాపువాడికి ఓపిక పోయి టీ తాగడానికి వెళ్ళాక, అటక మీద పాత పెట్టెలో ఉన్న నల్లది దొరికింది. దవడ ఆనించి లాగితే ఐదోది పలికింది, వెనక తలుపు తెరుచుకుని ఎవరో పెద్దమనిషి లోపలికి వచ్చినట్టు. లేవబుద్ధి కాలేదు. ఇంటికి తీసుకొచ్చి సోఫాలో పడుకోబెడితే భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "సవతిని తెచ్చారన్నమాట. రంగు నాకంటే ఒక పిసరు తక్కువే, బతికిపోయాను" అంది.

కూ. ఇంకా లావు. వినిపించిందా? వినిపించింది. నొక్కాడు. నల్లదాన్ని బాగు చేసేవాడు ఇస్త్రీ. అసలు పేరేదో ఉంది, ఎవరికీ గుర్తులేదు. వంకరపోయిన గిటార్ మెడని వేడి ఇస్త్రీపెట్టె పెట్టి సరిచేస్తాడు కాబట్టి ఇస్త్రీ. మొదట్లో చేయించినవన్నీ మంచి పనులే. తల వాలకుండా తీగలు బిగించే తేలిక బిరడాలు వేయించాడు. తీగల మధ్య ఎడం తన వేళ్ళకి సరిపడేలా తీగలు కూర్చునే గాళ్ళు కోయించాడు. బొటనవేలు ఆనడానికి చిన్న చెక్క తాపడం చేయించాడు. ఏళ్ళ తరబడి నల్లదీ అతనూ ఒక మాట మీద ఉన్నారు. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు, ఐదో తీగ మోగడం మానేసింది. మానేయడం అంటే తీగ మెడ మీది ఫ్రెట్లకి తగిలే చప్పుడు వస్తుంది, గోటి గీర వస్తుంది, స్వరం రాదు. తలుపు తెరుచుకుంటుంది, ఎవరూ రారు. తీగ పాతబడింది అనుకుని కొత్తది వేశాడు. కొత్తదీ అంతే. లావుది వేయించాడు, దానికోసం గాడి అరగదీయించాడు. ఇంకా లావుది వేయించాడు. తీగని పట్టుకునే ఇనప బ్రిడ్జి తీయించి బరువైన ఇత్తడిది పెట్టించాడు. బ్యాటరీలు మార్చాడు, వైర్లు మార్చాడు. ఇస్త్రీ స్పీకరు ముందు గొంతుక్కూర్చుని, "మోగుతోంది కద సార్" అన్నాడు. "మోగడం కాదయ్యా, నిండుగా రావాలి." "ఇంతకంటే నిండుగా వస్తే నా షట్టరు ఊడొస్తుంది." వీడికి చెవుడు పట్టింది అనుకున్నాడు అతను. నిజంగా అనుకున్నాడు. జాలిపడ్డాడు కూడా, పాపం రోజంతా రంపం పక్కన ఉంటే చెవులు ఏమవుతాయి మరి, అని.

ఇంట్లో వాయించేటప్పుడు ఆ తీగ లాగితే వంటింటి అలమరలో స్టీలు పళ్ళాలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. భార్య విసుక్కునేది, పళ్ళాలు సర్దేది, పళ్ళాల మధ్య గ్లాసులు దూర్చేది. అతను పట్టించుకునేవాడు కాదు. పట్టించుకోకపోవడమేమిటి, తనకే తెలియకుండా వాటి కోసమే చెవి వేసి ఉంచేవాడు. పళ్ళాలు గలగలమంటే తీగ మోగినట్టు. సన్నగా, పైస్థాయిలో, చక్కగా వినిపించేవి అవి. ఒక రోజు లాగితే పళ్ళాలు మోగలేదు. ఇంకోసారి లాగాడు. గట్టిగా లాగాడు. స్పీకరు పెంచాడు. ఏమీ లేదు. ఐదోది పూర్తిగా చచ్చిపోయింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నల్లదాన్ని భుజాన వేసుకుని ఇస్త్రీ దగ్గరికి పరుగెత్తాడు. తీగల కింద చెక్క తవ్వి, ఎక్కడా లేనంత పెద్ద పికప్ పెట్టు, అదురు మొత్తాన్ని పట్టేదాన్ని పెట్టు, అన్నాడు. "చెక్క ఒకసారి తవ్వితే మళ్ళీ రాదు సార్. రెండ్రోజులు ఆలోచించుకోండి." "తవ్వు." పక్కనే నిలబడి తవ్వించాడు. నల్లటి పాలిష్ కింద చెక్క పసుపుగా ఉంటుందని అప్పుడే తెలిసింది. రజను అతని చెప్పుల మీద పడింది. ఆ తర్వాత నల్లదాని గొంతు బురద అయిపోయిందని బ్యాండులో అందరూ అనుకున్నారట. అతనికి తెలియదు. మంచిగా ఉన్నప్పటి గొంతూ వినిపించలేదు, పాడైన గొంతూ వినిపించలేదు, మధ్యలో తవ్వించడానికి మాత్రం మనిషి తయారు. ఇవాళ పొద్దున కారిడారులో కూర్చున్నప్పుడు భార్య చీర అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ, "పళ్ళాల కింద గుడ్డ పెట్టింది నేనే" అంది. ఆ రోజు ఆమెకి తలనొప్పిగా ఉండి, గలగల భరించలేక, పాత తువ్వాలు మడిచి పరిచిందట. అతను వాయించడం, ఆగడం, మళ్ళీ వాయించడం, మొహం పాలిపోయి బయటికి పరుగెత్తడం వంటింటి గుమ్మంలోంచి చూసిందట. ఇల్లంతా అదురుతోందట అప్పుడు. "అప్పుడే తెలిసింది నాకు. చెబుదామనుకున్నాను. మీరు గిటార్ తవ్వించుకుని వచ్చారు. ఇంక ఏం నోరొస్తుంది?" అతను ఏదో అనాలి. కోప్పడాలి, లేదా చెయ్యి పట్టుకోవాలి. ఈలోపు లోపలి నుంచి అతని పేరు పిలిచారు.

ఇప్పుడు ఏమీ లేదు. చాలాసేపటి నుంచి ఏమీ లేదా, లేక ఇప్పుడే పోయిందా? లోతువి వేస్తోందన్నమాట. ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్నాడు. ఒంట్లో రక్తం పారే హోరు ఉంది. మెడ దగ్గర చొక్కా కాలరు రాసుకునే చప్పుడు ఉంది. ఇప్పుడు పడాలి. ఆమె నడక ప్రకారం ఇప్పుడు పడాలి. నొక్కాడు. ఏదో వచ్చినట్టే ఉంది. వచ్చిందా? రాకపోతే తను ఎందుకు నొక్కుతాడు, నొక్కాడంటే వచ్చే ఉంటుంది. కాస్త ఆగుతుంది ఇప్పుడు, తగ్గిస్తుంది. ఇదిగో. నొక్కాడు. మోసం చేస్తున్నానా అనుకున్నాడు. అయ్యో, మోసం చేసేవాడికి తను చేస్తున్నది తెలియాలి కదా. అతనికి నిజంగా తెలియడం లేదు. తాళం పడే చోట స్వరం ఉన్నట్టే ఉంటుంది అతనికి, ఎప్పుడూ అంతే, ఒంట్లో పడిపోయింది. తలుపు తెరిచి ఆ అమ్మాయి వచ్చి ఫోన్లు తీసి, చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్ళలాంటిది బిగించి వెళ్ళింది. ఎముక మీద! దవడ గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ దొరుకుతుంది, చెవులు ఏమైపోయినా ఎముక ఎక్కడికి పోతుంది? కాసేపటికి బిళ్ళ జిర్రుమని చర్మానికి గిలిగింత పెట్టింది. నొక్కాడు. మళ్ళీ జిర్రు. నొక్కాడు. ఆమె గొంతు స్పీకర్లోంచి మెల్లగా వచ్చింది. "సార్, తగిలినట్టు అనిపిస్తే కాదు. వినిపిస్తేనే నొక్కండి." తగలడానికీ వినిపించడానికీ తేడా ఏమిటో అతనికి ఒకప్పుడు తెలుసు. రెండూ కలిసి వచ్చేవి అప్పుడు, విడదీసి అడిగినవాళ్ళు లేరు. బొటనవేలు బటన్ మీద తడిసిపోయింది. మళ్ళీ ఫోన్లు తగిలించారు. మళ్ళీ లోతువట. సరే. ఆగు. ఇప్పుడు. నొక్కాడు. ఆగు. ఇప్పుడు. నొక్కాడు. బాగుంది. బాగానే జరుగుతోంది. బావకి ఫోన్ చేసి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకుంటున్నాడు, మరీ గొప్పగా ఉండకూడదు, మామూలుగా, ఏం లేదు బావా, కాస్త చెవిలో గుబిలి పట్టిందంతే, అని. ఇప్పుడు. నొక్కాడు.

తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది. చెయ్యి తలుపు మీదే ఉంది. అతను ఫోన్లు కిందికి దించాడు.

"సార్, ఏమీ అనుకోకండి. ఇందాక నాకు ఫోన్ వస్తే మాట్లాడుతూ ఉన్నాను. నేనేం వెయ్యలేదు. మీరు నొక్కుతూనే ఉన్నారు."

"ఎంతసేపు?"

"కాసేపే." ఆమె ఇంకా ఏదో చెప్పాలా వద్దా అని చూసి, "అంత కరెక్టుగా ఎవరూ నొక్కరు సార్. నేను వేసేటప్పుడు ఎంత గ్యాప్ ఇస్తానో అంతే గ్యాప్. మీరు నొక్కినప్పుడల్లా నా మిషన్ మీద లైటు వెలుగుతుంటే నాకే భయమేసింది" అంది.

అతను నవ్వబోయాడు, రిహార్సల్లో నవ్వినట్టు, పెదవి మాత్రం కదిలింది. అలాగే కదా వాయించింది. ఎన్నాళ్ళుగానో తెలియదు, అలాగే కదా. వేళ్ళు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాయి, వెళ్ళాల్సిన వేళకి వెళ్ళాయి, మిగతాది ఉందని తనే అనుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బావ కూడా, తాళంలో నిన్ను మించినవాడు లేడురా, అని భుజం తట్టాడు. ఆ తట్టడం ఏ రోజుదో, అప్పటికి ఐదోది ఉందో పోయిందో, ఇప్పుడు లెక్క తేల్చేవాళ్ళు ఎవరూ లేరు. నల్లదాన్ని మాత్రం తవ్వించేశాడు. ఏ పాపం ఎరగనిది, పెద్దమనిషిలా ప్రతిసారీ తలుపు తీసుకుని లోపలికి వస్తూనే ఉంది, ఇంటివాడు లేచి చూడలేదంతే. ఈ అమ్మాయి ముందు ఏడవకూడదు, తన కూతురి వయసుంటుంది.

"మళ్ళీ చేద్దామా సార్? లోతువి ఒక్కటే. ఈసారి నేను ఒక వరసలో వెయ్యను, గ్యాప్ మారుస్తూ ఉంటాను. మీరు తొందరపడకండి. నిజంగా వినిపిస్తేనే."

"సరేనమ్మా."

తలుపు మూసుకుంది. ఈసారి అతను బొటనవేలిని నమ్మలేదు. బటన్ తీసి ఎడమచేతిలో పెట్టుకున్నాడు, ఆ చేతికి తాళం తక్కువ. కళ్ళు మూయలేదు. ఎదురుగా స్పాంజిలో ఎవరో గిల్లిన గుంట ఒకటి ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రక్తం హోరు. కాలరు. గుటక. ఇవి కాదు. ఇవి తీసేస్తే మిగిలేది ఏదో అది. లోపల తాళం నడుస్తోంది, ఇప్పుడు, ఇప్పుడు, అంటోంది, వేలు ఒకసారి ఉలిక్కిపడింది, నొక్కనివ్వలేదు. తొందర లేదు. ఆమె ఇంకా మొదలుపెట్టలేదు. మీటలేవో మారుస్తూ ఉండి ఉంటుంది, లోతువి కదా, సర్దుకోవద్దూ. పెట్టనీ. ఈసారి అది వచ్చినప్పుడు తెలిసిపోతుంది, ఎముకకీ అలవాటుకీ సంబంధం లేకుండా, అటక మీది పెట్టెలో దొరికిన రోజు తెలిసినట్టు. ఒక్కటి వస్తే చాలు. బావకి కాదు, భార్యకి కాదు, తనకే, ఒక్కటి. బటన్ పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కింది, మార్చుకోలేదు, మార్చుకునే చప్పుడులో అది పోతుందేమోనని. ఊపిరి కూడా కాస్త కాస్తగా తీసుకుంటున్నాడు. ఎంతసేపైనా కూర్చుంటాడు. ఫోన్ వచ్చిందేమో మళ్ళీ, మాట్లాడుకోనీ, ఈ వయసులో ఫోన్లు రాక ఎప్పుడొస్తాయి. గుంట వైపు చూస్తూ ఎదురుచూశాడు.

తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి లోపలికి వచ్చి, అతని తల మీద నుంచి ఫోన్లు తనే మెల్లగా తీసింది.

"ఇంకా మొదలుపెట్టలేదేంటమ్మా?"

"అయిపోయింది సార్."